ఇంటికి ఎక్సర్‌సైజ్ సైకిల్ కొనేముందు అమ్మగారిని ఒకసారి ఎక్కించి చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదండీ. విజయవాడ భవానీపురంలో మూడో అంతస్తు ఫ్లాటు. మీకు 43 ఏళ్లు, బరువు 94 కేజీలు, ఎత్తు ఐదడుగుల తొమ్మిది అంగుళాలు. మూడు నెలల షుగర్ పరీక్షలో 6.1 వచ్చింది, బరువు తగ్గమని డాక్టరుగారు చెప్పారు. అమ్మగారికి 67, ఐదడుగుల మనిషి, రెండు మోకాళ్లలో గుజ్జు అరిగిందన్నారు. బడ్జెట్ 20 వేలు. మీ బావగారేమో సేల్లో 18 వేలకు వస్తున్న, ముందుకు వంగి తొక్కే స్పిన్ బైక్ తీసుకోమంటున్నారు, మీ ఆవిడేమో చేతులు కూడా ఆడే ఎయిర్ బైక్ బాగుంటుందంటున్నారు. ఏది కొనాలి, ఇద్దరికీ ఒకటే సరిపోతుందా అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. స్పిన్ బైక్ మీ ఇంటికి వద్దు. అమ్మగారు నిజంగా రోజూ తొక్కుతారనుకుంటే వీపు ఆనించుకుని కుర్చీలో కూర్చున్నట్టు తొక్కే రికంబెంట్ సైకిల్ తీసుకోండి, మ్యాగ్నెటిక్ లోడు ఉన్నది, అంటే పెడలు బిగువు అయస్కాంతాలతో వచ్చేది. అమ్మగారు పెద్దగా వాడరు, వాడేది మీరే అనుకుంటే మామూలు సైకిల్‌లా సీటెక్కి కూర్చుని తొక్కే అప్‌రైట్ మ్యాగ్నెటిక్ సైకిల్ చాలు, డబ్బులు కూడా మిగులుతాయి. ఈ రెండింటిలో ఏదో తేల్చుకోవడానికి షోరూమ్‌కు వెళ్లి అమ్మగారిని ఎక్కించి, దింపి చూడాలి. ఇంకొకళ్ల సాయం లేకుండా ఆమె ఎక్కి దిగగలిగినదే మీ ఇంటి సైకిల్.

నేను గుంటూరులో ఫిజియోథెరపిస్టుని. అరండల్‌పేటలో పదిహేడేళ్లుగా ప్రాక్టీసు. వారంలో రెండు సాయంత్రాలు విజయవాడ వచ్చి ఇళ్ల దగ్గరే మోకాళ్లు, నడుము పేషెంట్లను చూస్తాను. అందుకే షోరూమ్‌లో కంటే ఇళ్లలోనే ఎక్కువ సైకిళ్లు చూశాను. కొన్నవాళ్లు మూడో నెలలో కూడా తొక్కుతున్నారా లేదా అన్నదే నేను చూసేది. మానేసినవాళ్లను ఎందుకు మానేశారని అడిగితే, బద్ధకం అని వాళ్లే తమను తిట్టుకుంటారు. సైకిల్ దగ్గరికి వెళ్లి చూస్తే చాలాసార్లు సీటు ఎత్తు తప్పుగా ఉంటుంది, లేదా ఆ మనిషికి ఆ సైకిలే తప్పు.

నేను కూడా ఆ తప్పు చేశాను. 2013లో మా నాన్నగారికని ఎయిర్ బైక్ కొన్నాను. ఆయనకూ మీ అమ్మగారిలాగే మోకాళ్ల అరుగుదల. లోడు ఎలా ఉంది, చేతులు ఎలా ఆడుతున్నాయి అని అన్నీ నేనే ఎక్కి చూసుకున్నాను, ఆయన్ని తీసుకెళ్లలేదు. ఇంటికొచ్చాక తెలిసింది, సీటుకు హ్యాండిల్‌కు మధ్య ఉన్న కడ్డీ మీదుగా కాలు వేయడం ఆయన వల్ల కావడం లేదని. పీట వేసుకుని ఎక్కేవారు. ఒకరోజు దిగుతుండగా పీట జరిగింది, పక్కన గోడ ఉండబట్టి సరిపోయింది. ఆ తర్వాత ఆయన దాన్ని ముట్టుకోలేదు. మరుసటి ఏడు రికంబెంట్ తెచ్చాం. పొద్దున్నే రేడియో వార్తలు పెట్టుకుని, వార్తలు అయ్యేదాకా తొక్కేవారు. ఆరేళ్లు తొక్కారు. మనిషి అదే, మోకాళ్లు అవే, మారిందల్లా ఎక్కే తీరు. అప్పటినుంచి ఎవరడిగినా ముందు ఎక్కి దిగడం గురించే మాట్లాడుతున్నాను.

ఇప్పుడు అమ్మగారి మోకాళ్ల సంగతి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే మీ నిర్ణయమంతా దాని మీదే ఆధారపడి ఉంది.

అరిగిన మోకాలికి సైకిల్ మంచిదా అని చాలామందికి భయం. మంచిదే. మార్చిన కృత్రిమ మోకాళ్లలో సెన్సర్లు పెట్టి బరువు కొలిచిన లెక్కలున్నాయి. నడిచేటప్పుడు మోకాలి కీలు మీద మన శరీరం బరువుకు రెండున్నర రెట్ల దాకా భారం పడుతుంది. మెట్లు దిగేటప్పుడు మూడు రెట్లు దాటుతుంది. కూర్చుని మామూలు లోడుతో పెడలు తొక్కితే సుమారు ఒక రెట్టు, కాస్త పైన. అంటే అమ్మగారు మూడంతస్తులు మెట్లు దిగి వాకింగ్‌కు వెళ్లడం కంటే ఇంట్లో పావుగంట తొక్కడమే ఆ కీలుకు తేలిక. తొడ ముందు కండరం బలపడితే మోకాలి మీద భారం ఇంకా తగ్గుతుంది.

ఇందులో ఒక చిక్కుంది. పెడలు పూర్తిగా ఒక చుట్టు తిరగాలంటే మోకాలు దాదాపు 105 నుంచి 110 డిగ్రీల దాకా వంగాలి. కుర్చీలో మామూలుగా కూర్చుంటే 90 డిగ్రీలు. బాగా అరిగి బిగుసుకుపోయిన మోకాళ్లు కొన్ని 95 దగ్గరే ఆగిపోతాయి. అలాంటివాళ్లని మామూలు సైకిల్ ఎక్కిస్తే పెడలు పైకి వచ్చే దగ్గర మోకాలు పట్టేస్తుంది, తుంటి ఒక పక్కకు ఎత్తి తొక్కుతారు, రెండో రోజుకు నడుము నొప్పి అంటారు. ఇంట్లో చిన్న పరీక్ష చేయండి. అమ్మగారిని గట్టి కుర్చీలో కూర్చోబెట్టి, పాదం నేల మీదే జరుపుతూ మడమను కుర్చీ కిందికి లాగమనండి. మడమ మోకాలికి సూటిగా కింద ఉంటే 90. అక్కడినుంచి ఇంకో జానెడు వెనక్కి సులువుగా వెళ్తే భయం లేదు. అసలు వెళ్లకపోతే ముందు కొన్ని వారాలు వంగే వ్యాయామాలు చేయాలి, సైకిల్ కొనే తొందర అప్పటిదాకా ఆపండి. కొద్దిగా వెళ్లి ఆగితే రికంబెంట్‌లో సీటు వెనక్కి జరిపి, మొదట చుట్టు తిప్పకుండా ముందుకు సగం, వెనక్కి సగం ఊపమనండి. మోకాలి మార్పిడి ఆపరేషన్ అయినవాళ్లకి కూడా మేం మొదలుపెట్టించేది అలాగే. ఊపుతూ ఊపుతూ ఉండగా ఒకరోజు చుట్టు దానంతటదే తిరుగుతుంది. ఆ రోజు వాళ్ల ముఖంలో వచ్చే వెలుగు చూడటం కోసమైనా నాకు ఈ పని ఇష్టం.

ఇంకొకటి, చీర. కుచ్చిళ్లు పెడలు పక్కన, కొంగు చక్రం కవరు దగ్గర చిక్కుకోవడం నేను స్వయంగా చూశాను. నైటీ కూడా అంతే. పంజాబీ డ్రెస్సో, ఇంట్లో ఉండే పైజమానో వేసుకోమని ముందే ఒప్పించండి. ఆ వయసు ఆడవాళ్లు కొందరికి ఇది చిన్న విషయం కాదు, కోడలో కూతురో చెప్తే వింటారు. కాళ్లకు వెనక పట్టీ ఉన్న చెప్పులో బూట్లో ఉండాలి. షుగర్ ఉన్నవాళ్లయితే ఉత్తి పాదాలతో అసలు తొక్కకూడదు, స్పర్శ తగ్గిన పాదానికి పెడలు గీసుకున్నా తెలియదు.

సైకిల్ ఎముకలకు బలం ఇవ్వదని కూడా గుర్తుంచుకోండి. శరీరం బరువు సీటు మీద ఉంటుంది కదా, ఎముక మీద ఒత్తిడి పెద్దగా పడదు. అందుకని అమ్మగారు సైకిల్ తొక్కినా, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం రోజుకు పదిసార్లు, కారిడార్లో కాస్త నడక ఉండాల్సిందే.

ఇక స్పిన్ బైక్ ఎందుకు వద్దన్నానో చెప్పాలి. మీ బావగారికి అది బాగా పనికొచ్చి ఉండొచ్చు, ఆయన్ని తప్పు పట్టడం లేదు. స్పిన్ బైక్‌లో బరువు చక్రం, అంటే ఫ్లైవీల్, పెడళ్లతో నేరుగా బిగించి ఉంటుంది. మామూలు సైకిల్‌లా కాళ్లు ఆపితే పెడళ్లు ఆగవు. చక్రం తిరిగినంతసేపూ పెడళ్లు తిరుగుతూనే ఉంటాయి, ఆపాలంటే లోడు నాబ్‌ను కిందికి నొక్కి బ్రేకు వేయాలి. మొగల్రాజపురంలో నా పేషెంటు ఒకాయన వేగంగా తొక్కుతూ ఫోన్ మోగిందని అలవాటుకొద్దీ కాళ్లు తీశాడు. పెడలు వచ్చి కాలి ముందు ఎముక మీద కొట్టింది, కుట్లు పడ్డాయి. ముప్పై ఏళ్ల మనిషికే అలా అయితే 67 ఏళ్ల ఆవిడ సంగతి ఆలోచించండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఇంకా జాగ్రత్త, చాలా మోడళ్లలో చక్రం బయటకే ఉంటుంది, వేళ్లు పెట్టకుండా ఆపేది ఏమీ ఉండదు. పైగా కూర్చునే తీరు ముందుకు వంగి ఉంటుంది, సీటు సన్నగా గట్టిగా ఉంటుంది. 94 కేజీల మనిషి, అలవాటు లేని నడుము, పది నిమిషాలకు సీటు నొప్పి మొదలవుతుంది.

ప్రకటనలో "20 కేజీల ఫ్లైవీల్" అని పెద్దక్షరాలతో రాశారని చెప్పారు. చక్రం బరువెక్కువైతే వ్యాయామం ఎక్కువ అవుతుందనుకోవద్దు. బరువు చక్రం చేసే పని తొక్కుడు కుదుపుల్లేకుండా నున్నగా సాగేట్టు చూడటం, అంతే. ఎంత కష్టంగా ఉండాలో నిర్ణయించేది లోడు. అప్‌రైట్, రికంబెంట్ సైకిళ్లలో మీ బరువుకు 5, 6 కేజీల పైన ఉన్న చక్రం అయితే తొక్కుడు బాగానే ఉంటుంది. 2, 3 కేజీలదైతే పెడలు కింద ఒకసారి, పైన ఒకసారి ఆగి ఆగి తిరుగుతుంది. అరిగిన మోకాలికి ఆ కుదుపు తెలిసిపోతుంది.

లోడు ఎలా వస్తుందన్నది చూసుకోవాల్సిన అసలు విషయం. మ్యాగ్నెటిక్ అంటే అయస్కాంతాలు చక్రానికి దగ్గరగా జరుగుతాయి కానీ తగలవు. నాబ్ తిప్పితే ఇంకా దగ్గరికి వస్తాయి, లోడు పెరుగుతుంది. రాపిడి లేదు కాబట్టి అరిగేది లేదు, చప్పుడు లేదు. రెండో రకంలో ఫెల్ట్ ప్యాడో పట్టీయో చక్రాన్ని ఒరుసుకుంటుంది. చవక స్పిన్ బైకుల్లో, మన దగ్గర ఏడెనిమిది వేలకు వచ్చే ఎయిర్ బైకుల్లో ఎక్కువగా ఉండేది ఇదే. మొదటి నెల బాగుంటుంది. తర్వాత ప్యాడు అరిగి కింద పొడి రాలుతుంది, కాలిన వాసన వస్తుంది, నాబ్ ఎంత తిప్పినా నిన్నటి లోడు ఇవాళ ఉండదు. మన వర్షాకాలం తేమకు పట్టీ సాగుతుంది కూడా. ప్యాడు మార్చుకోవచ్చు, ఖరీదు పెద్దగా ఉండదు, కానీ మార్చే మనిషి దొరకాలి.

మీ ఆవిడ చెప్పిన ఎయిర్ బైక్ మీద నాకు కోపమేమీ లేదు. చేతులూ కాళ్లూ కలిసి ఆడటం మంచి వ్యాయామమే. కానీ మూడో అంతస్తు ఫ్లాటులో పొద్దున్నే ఆరింటికి తొక్కితే దానికుండే ఫ్యాన్ లాంటి చక్రం రొద కింది ఇంటికి వినిపిస్తుంది. కదిలే హ్యాండిల్ పట్టుకుని దిగడం పెద్దవాళ్లకు ఇబ్బంది, ఆసరా కోసం పట్టుకున్నదే కదిలిపోతుంది.

ఇప్పుడు మీ విషయం. రికంబెంట్ ముసలివాళ్లది, దాని మీద నాకు బరువేం తగ్గుతుంది అని మీకు అనిపించవచ్చు. లోడు పెంచితే చెమటలు కారేట్టు తొక్కించగలదు. గుండె వేగం చూసుకోండి. 220 లోంచి మీ వయసు తీసేస్తే 177. మధ్యస్థమైన శ్రమ అంటే అందులో 64 నుంచి 76 శాతం, అంటే మీకు నిమిషానికి సుమారు 113 నుంచి 135. ఆ వేగంలో మాట్లాడగలరు కానీ పాట పాడలేరు. లెక్కలు ఇష్టం లేకపోతే ఆ గుర్తు ఒక్కటే పెట్టుకోండి. హ్యాండిల్ మీద అరచేతులు పెట్టే పల్స్ రేకులను నమ్మకండి, చెమట చేతులతో అవి ఏదో ఒక అంకె చూపిస్తాయి.

స్క్రీన్ మీద కేలరీలూ అంతే. చాలా సైకిళ్లు మీ బరువు కూడా అడగవు, అందరికీ ఒకే లెక్క. నేను వేసుకునే లెక్క చెప్తాను. తేలిక నుంచి మధ్యస్థం లోడులో, అంటే 51 నుంచి 89 వాట్ల మధ్య తొక్కితే, 94 కేజీల మనిషికి అరగంటలో సుమారు 235 కేలరీలు ఖర్చవుతాయి. వారానికి ఐదు రోజులు తొక్కితే 1,175. ఒక కేజీ కొవ్వు కరగాలంటే దాదాపు 7,700 కావాలి. తిండి మార్చకుండా సైకిల్ ఒక్కటే అయితే కేజీకి ఏడు వారాలు పడుతుంది. ఇది నిరుత్సాహపరచడానికి చెప్పడం లేదు. పదిహేను రోజుల్లో ఐదు కేజీలు తగ్గుతామనుకుని కొన్నవాళ్లే మూడో వారంలో మానేస్తున్నారు, మీరు అలా కాకూడదని. బరువు కదలకముందే షుగర్ మీద ప్రభావం కనిపిస్తుంది. రాత్రి అన్నం తిన్న అరగంటకు పదిహేను నిమిషాలు తేలిగ్గా తొక్కండి. తిన్న తర్వాత రక్తంలో షుగర్ పెరిగే సమయంలో తొడ కండరాలు పనిచేస్తే ఆ షుగర్‌ను అవే వాడుకుంటాయి. గ్లూకోమీటర్ ఉంటే తొక్కిన రోజు, తొక్కని రోజు తిన్న రెండు గంటల తర్వాత అంకె చూసుకోండి. ఆ తేడాను కళ్లతో చూసినవాళ్లు మానేయడం నేను తక్కువగా చూశాను.

మీకు 6.1 అంటే షుగర్ రాబోయే గీత మీద ఉన్నట్టు, 5.7 నుంచి 6.4 మధ్య అది. మందులు వాడటం లేదనుకుంటున్నాను. ఇది చదివే వేరేవాళ్లు ఇన్సులిన్ గానీ, షుగర్ డౌన్ చేసే మాత్రలు గానీ వాడుతుంటే ఖాళీ కడుపుతో తొక్కకండి, పక్కన మూడు నాలుగు చిన్న చెంచాల పంచదార పొట్లం పెట్టుకోండి. ఛాతీలో పట్టేసినట్టు ఉన్నా, ఎడమ చెయ్యి లాగినా, తల తిరిగినా దిగి ఆసుపత్రికి వెళ్లడమే, ఇంకో ఐదు నిమిషాలు చూద్దాం అనుకోకూడదు. గుండె జబ్బు ఉన్నవాళ్లు, బీపీ అదుపులో లేనివాళ్లు డాక్టరుగారితో మాట్లాడాకే మొదలుపెట్టాలి.

ఎంతసేపు అంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ. మొదటి రోజే అటు చూడకండి. మొదటి రెండు వారాలు పొద్దున పది, రాత్రి పది నిమిషాలు. మూడో వారం నుంచి పదిహేనూ పదిహేనూ. అమ్మగారికి ఐదు నిమిషాలతో మొదలు, లోడు ఒకటి. నిమిషానికి 50, 60 చుట్లు చాలు. తక్కువ లోడు, తీరిగ్గా ఎక్కువ చుట్లు తొక్కడం మోకాలికి మంచిది. ఎక్కువ లోడు పెట్టి బలవంతంగా నెట్టడం మోకాలి చిప్పకు చెడ్డది. తొక్కాక వచ్చే నొప్పి రాత్రికి తగ్గిపోతే ఫరవాలేదు. మర్నాడు పొద్దున లేచేసరికి ఇంకా ఉంటే, వాపు వస్తే, మీరు ఎక్కువ తొక్కించినట్టు లెక్క.

సీటు ఎత్తు గురించి ఒక్క మాట అనుకున్నాను కానీ ఒక్క మాటతో అయ్యేది కాదు. సైకిల్ ఎంత ఖరీదైనదైనా సీటు తప్పైతే మోకాలు పాడవుతుంది. అప్‌రైట్ అయితే ఇలా పెట్టుకోండి: సీటు మీద కూర్చుని, పెడలు పూర్తిగా కిందికి తెచ్చి, దాని మీద మడమ పెట్టండి. కాలు నిటారుగా ఉండాలి. తర్వాత పాదం ముందు భాగం పెడలు మీద పెడితే మోకాలు కొద్దిగా, 25 నుంచి 35 డిగ్రీలు వంగి ఉంటుంది. అదే సరైన ఎత్తు. మోకాలి ముందు, చిప్ప చుట్టూ నొప్పి వస్తే సీటు తక్కువైంది. మోకాలి వెనక లాగితే ఎక్కువైంది. తొక్కుతుంటే తుంటి ఇటూ అటూ ఊగినా ఎక్కువైనట్టే. రికంబెంట్‌లో ఎత్తుకు బదులు సీటు ముందుకు వెనక్కి జరుగుతుంది, లెక్క అదే.

మీ ఇంట్లో ఐదడుగుల తొమ్మిది, ఐదడుగులు, ఇద్దరూ ఒకటే వాడాలి. కాబట్టి సీటు జరపడానికి పిడి ఒక్కసారి లాగితే చాలా, లేక స్పానర్ తియ్యాలా అన్నది షోరూమ్‌లోనే చూడండి. రోజుకు రెండుసార్లు మారుస్తారు. కష్టంగా ఉంటే వారం తర్వాత ఎవరూ మార్చరు, అమ్మగారు మీ సీటు మీదే కాళ్లు చాపి తొక్కుతారు. గుంటూరు లక్ష్మీపురంలో భార్యాభర్తలకు అలాగే జరిగింది. ఆయన ఆరడుగులు, ఆవిడ ఐదుకు లోపు. సీటు అన్నిటికంటే కింది రంధ్రంలో పెట్టినా ఆవిడ కాలు పెడలుకు అందలేదు. ఆయనకు నచ్చిందని ఆయన ఒక్కడే వెళ్లి కొన్నాడు. నలుగురి ఇంట్లో అందరికంటే పొట్టి మనిషి, అందరికంటే బరువైన మనిషి, ఈ ఇద్దరికీ సరిపోతే మిగతావాళ్లకు సరిపోయినట్టే.

బరువు పరిమితి మీకు ముఖ్యం. మీరు 94. పెట్టె మీద 100 అని రాసి ఉన్నది వద్దు, 120 ఉన్నది తీసుకోండి. పరిమితి అంచుదాకా వెళ్లకుండా కాస్త వెసులుబాటు ఉండాలి. సైకిల్ మొత్తం బరువు కూడా అడగండి. 30 కేజీల పైన ఉన్నది నేల మీద కదలకుండా నిలబడుతుంది. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 20957 అని ముద్ర ఉంటే, దాని పక్కన హెచ్ అక్షరం ఇంట్లో వాడకానికి, ఎస్ అక్షరం జిమ్ముల వాడకానికి. ఇంటికి హెచ్ చాలు, ఎస్ కోసం అదనంగా పెట్టనక్కర్లేదు.

బ్లూటూత్, యాప్, రంగుల తెర, వీటి మీద రూపాయి కూడా ఎక్కువ పెట్టకండి. గడియారం, ఫోన్ పెట్టుకునే చోటు, నీళ్ల సీసా. అంతే కావలసింది.

సెకండ్ హ్యాండ్ గురించి మీరు అడగలేదు కానీ బెజవాడలో ఉన్నారు కాబట్టి చెప్పాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగినప్పుడు సింగ్‌నగర్, పాయకాపురం వైపు కింది అంతస్తుల ఇళ్లలో సామానంతా నీళ్లలో రోజుల తరబడి ఉంది. ఆ ఇళ్లలో ఎక్సర్‌సైజ్ సైకిళ్లూ ఉన్నాయి. పైన కడిగి తుడిస్తే కొత్తదానిలా కనిపిస్తుంది, లోపల బేరింగుల్లో బురద ఉంటుంది. అమ్మేవాళ్లు కష్టంలో ఉన్నవాళ్లు, వాళ్లను నిందించలేం, కానీ మీరు చూసుకోవాలి. క్రాంక్, అంటే పెడలు బిగించి ఉండే కడ్డీ, పట్టుకుని అటూ ఇటూ ఊపండి, గడగడమంటే వద్దు. కింది కాళ్ల దగ్గర బోల్టులు చూడండి, తుప్పు మొదట అక్కడే కనిపిస్తుంది. లోడు ఒకటి నుంచి చివరిదాకా తిప్పుతూ తొక్కండి, ప్రతి అంకెకూ తేడా తెలియాలి. తెలియకపోతే లోపలి తీగ తెగినట్టో, అయస్కాంతాల చట్రం పట్టేసినట్టో.

ఎక్కడ పెట్టాలన్నది కొనకముందే అనుకోండి. బాల్కనీ వద్దు, వాన జల్లుకు, దుమ్ముకు ఏడాదిలో పాడవుతుంది. గుంటూరులో మిర్చి యార్డు వైపు ఉండే నా పేషెంట్లు సీజన్లో కిటికీ తెరిచి తొక్కితే ఘాటుకు దగ్గుతారు, వాళ్లకు లోపలి గదే గతి. మీకు ఆ బాధ లేదు కానీ ఎండలున్నాయి. రోహిణి కార్తెలో మధ్యాహ్నం తర్వాత ఇంట్లో తొక్కడం ప్రమాదమే, ఉక్కపోతలో చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. ఫ్యాన్ గాలి నేరుగా తగిలే చోట, హాల్లో టీవీ ఎదురుగా పెట్టుకోండి. లోపలి గదిలో మూల పెట్టినవి మూలనే ఉండిపోవడం చాలా ఇళ్లలో చూశాను. నున్నటి టైల్స్ మీద రబ్బరు మ్యాట్ తప్పనిసరి, సైకిల్ జరగదు, కింది ఇంటికి అదురు తక్కువగా తెలుస్తుంది, చెమట టైల్ మీద పడి అమ్మగారు జారకుండా ఉంటుంది. రికంబెంట్‌కు పొడవు ఐదడుగుల దాకా కావాలి, ముందే టేపుతో కొలుచుకోండి. ఎక్కే వైపు రెండడుగులు ఖాళీ ఉండాలి.

షోరూమ్‌లో 20 వేలకు రికంబెంట్ దొరకకపోతే రెండు మూడు వేలు ఎక్కువైనా పెట్టండి, లేదా నాలుగు నెలలు ఆగండి. ఈలోపు అమ్మగారికి కుర్చీ ముందు నేల మీద పెట్టుకునే చిన్న పెడలు పరికరం రెండు వేల లోపు దొరుకుతుంది. కుర్చీని గోడకు ఆనించి, కింద మ్యాట్ వేసి, ఐదు నిమిషాలకోసారి ఆపి తొక్కమనండి. లోడు నాబ్ దగ్గర వేడెక్కుతుంది, వెంటనే ముట్టుకోవద్దని చెప్పండి. కానీ మీ వరకు అది ఏ మూలకూ చాలదు.

చివరిగా బిగించేటప్పుడు ఒకటి. కంపెనీ మనిషి వస్తే సరే, మీరే బిగించుకుంటే ఎడమ పెడలు మర వ్యతిరేక దిశలో ఉంటుంది. కుడి పెడలు గడియారం ముల్లు తిరిగే వైపు బిగుస్తుంది, ఎడమది దానికి ఎదురు. పెడళ్ల చివర ఎల్, ఆర్ అక్షరాలుంటాయి. తెలియక బలవంతంగా తిప్పితే క్రాంక్‌లోని మర చెడిపోతుంది. తర్వాత ఎన్నిసార్లు బిగించినా తొక్కుతుండగా ఊడివస్తుంది, క్రాంక్ మార్చాల్సిందే. ముందు చేత్తో నాలుగు చుట్లు సులువుగా ఎక్కితేనే స్పానర్ పట్టండి. పది రోజులు వాడాక అన్ని బోల్టులూ ఇంకోసారి బిగించండి.

ఈ ఆదివారం అమ్మగారికి కుర్చీ పరీక్ష చేసి, మడమ ఎంత వెనక్కి వెళ్లిందో, ఏ మోకాలు ఎక్కువ పట్టేస్తోందో ఇక్కడే రాయండి. అది తెలిస్తే మొదటి పది రోజులు ఆమె చుట్టు తిప్పాలా, ఊపితే చాలా, సీటు ఎక్కడ పెట్టాలి అన్నది చెప్తాను.